బుగ్గమీది చుక్క

శ్రావణమాసమున నొక యపరాహ్ణము. ప్రాతఃకాలమునుండి కుండపోతగా కురిసిన వాన యలసి నిలిచిన వేళ ఆకాశము కడిగి బోర్లించిన కంచుపాత్రవలె మసకమసకగా మెఱయుచుండెను. ఎఱ్ఱని గోదావరీనూతనజలములతో గట్లొరసి పాఱుచున్న కాలువయు తడిసి బరువెక్కిన మట్టలను విదల్చుకొనుచున్న నారికేళవృక్షపంక్తులును ఇండ్లచూరులనుండి యుండియుండి రాలుచున్న వర్షబిందువులును ఒక్కటై యా పల్లెకు మాత్రమే తెలిసిన యొక మందమంద్రధ్వనిని కూర్చుచుండెను. నరసాపురమునకు కొంతదూరమున సముద్రపుగాలి సోకు నా పల్లెయందు అట్టి వేళల స్త్రీలు వీధియరుగులపై చేరి లేసల్లుదురు. చేత నొక కొక్కెపుసూది, ఒడిలో నొక తెల్లదారపుటుండ. నోటికిని వ్రేళ్లకును నెట్టి సంబంధమును లేనట్లు మాట దారిన మాటయు అల్లిక దారిన అల్లికయు సాగిపోవుచుండును.

ఆ యరుగులలో నొకదానిపై వీరవేణి యను పడుచుతల్లి కూర్చుండి యుండెను. తొమ్మిదవ తరగతి చదువుచుండగా కన్నతల్లి మంచము పట్టుటయు ఇంటిపని నెత్తినబడుటయు నొక్కమాఱే సంభవించుటచే ఆమె పుస్తకములసంచి యొకనాడు మేకునకు తగిలి మఱల దిగలేదు. పెనిమిటి యేడుకొండలు రొయ్యలచెరువుల కాపలాకై పోయి వారమున కొకమాఱు ఇల్లు చేరువాడు. అత్త పల్లాలమ్మయు తానును పదినెలల కూతురు హన్వికయు నా యింటి జనము. వీరవేణి స్వభావముచే భయశీల. బిడ్డ తుమ్మినచో జలుబేమో యని బెంగ. తుమ్మకున్నచో ఊపిరి సరిగా నాడుటలేదేమో యని బెంగ. నిద్రించు శిశువు ముక్కుకడ వ్రేలుంచి గాలి తగులుట తెలిసికొనక ఆమె కన్నుమూసిన దినము లేదు.

ఇన్ని భయములకు నామెకడ నున్న రక్షణ మొక్కటియే. ఆముదపుదీపము మసిని పట్టి వెన్నతో రంగరించి పల్లాలమ్మ చేసియిచ్చిన కాటుకను ప్రతిదినము బిడ్డకు నీళ్లుపోసిన పిమ్మట ఉంగరపువ్రేలితో తీసి ఎడమబుగ్గపై నొక గుండ్రని చుక్కయు అరికాలియం దొక చుక్కయు పెట్టెడిది. దిష్టి నిజముగా నున్నదా లేదా యని ఆమె యెన్నడును తర్కింపలేదు. రాత్రి గడియ వేయువారు దొంగ యున్నాడో లేడో విచారించి వేయుదురా? వేయనిచో నిద్రపట్టదు, అంతియే. ఆ చుక్క ఆమెకు బిడ్డయింటి గడియ.

ఇట్లుండగా నా ప్రాంతమునకు అంతర్జాలవ్యాపార మనునది వచ్చెను. పూర్వము లేసును కొనువారు గడపకు వచ్చి తీసికొనిపోయి యే దేశమునకో పంపెడివారు. అల్లినవారికి కొనువారి మొగము తెలియదు, కొన్నవారి కల్లినవారి మొగము తెలియదు. ఇప్పుడు పట్టణమున తాతాజీ యను నొక యువకుడు ఫోనులోనే యంగడి తెఱచి, పసిపిల్లల లేసుటోపీలను లోకమంతటికిని చూపి యమ్ముచుండెను. మంచి మాటకారి. ఎండకాలమున నొకనాడు వీరవేణి యింటికి వచ్చి టోపీలను చూచి తల యడ్డముగా నూపెను.

"పనితనానికి పేరు పెట్టక్కర్లేదమ్మా. కానీ ప్లాస్టిక్ బొమ్మ తలకి తొడిగి చూపిస్తే ఎవడు కొంటాడు? పిల్ల తల మీద చూడాలి. మీ పాప ఉందిగా, నవ్వితే చాలు."

అప్పుడు హన్విక నెత్తిన నుండినది అమ్మకపు టోపీ కాదు. దాని యంచునం దైదురేకుల పువ్వుల వరుస. అల్లుచుండగా బిడ్డ ప్రాకివచ్చి దారపుటుండను లాగుటచే నొక పువ్వునకు నాలుగురేకులే కుదిరెను. విప్పి మఱల నల్లుట లేసుపనివారి మర్యాద. కాని ఆ తప్పునందు బిడ్డ చేయియు నున్నదని మురిసి వీరవేణి దానిని విప్పక హన్వికకే యుంచెను. తాతాజీ ఆ టోపీతోనే ఛాయాచిత్రము తీసెను. తీయుటకు ముందు వీరవేణి కాటుకచుక్కను కొంచెము పెద్దది చేసి, "చుక్క కనబడుతుంది కదండీ," అని యడిగెను.

"ఆయ్, దిట్టంగా కనబడుతుంది," అని యాతడు నవ్వెను.

అటుపిమ్మట ఫోనులో నేదో యక్షరములు నిండిన తెఱయొకటి చూపి ఇక్కడ నొక్కుమనెను. ఆమె నొక్కెను. ఔననుటకు మీట బొటనవ్రేలంత యుండెను. కాదనుటకు మీట యుండెనో లేదో యామె చూడలేదు, చూపినవారును లేరు.

టోపీలు కొన్నినాళ్లు బాగుగనే యమ్ముడుపోయెను. కాని యా వ్యాపారమునందలి వింతలు చూచిన కొలది వీరవేణి కడుపు మండుచుండెను. ఎవతెయో యొక కొన్నావిడ రెండుటోపీలును అచ్చముగా నొక్కతీరున లేవని వ్రాసి యొక్క నక్షత్రము విదిల్చెను. ఒక్క కడుపున పుట్టిన కవలలే యొక్కతీరున నుండరు గదా, చేతులతో నల్లినవి యెట్లుండునని వీరవేణి వాదింపబోగా వాదించుటకు మనుష్యుడు లేడు, నక్షత్రము మాత్రమే యున్నది. మఱియొకనాడు బిడ్డకు విరేచనము లగుచున్నవని అత్తతో ననుకొనినదే తడవుగా ఫోను తెఱపై విరేచనముల మందులు బారులు తీఱెను. పల్లాలమ్మ యా ఫోనును గోడవైపు త్రిప్పిపెట్టి, "ఇది మన మాటలు వింటోందే వేణీ, చీర మార్చుకునేటప్పుడు దీన్ని బోర్లించు," అనెను. ఆ వృద్ధయే మధ్యాహ్నవేళ దానిని త్రిప్పుకొని వంటల వీడియోలు చూచుచు ఉల్లిపాయ తఱుగుట వీరికి రాదని తిట్టుచుండునది.

కథారంభమున చెప్పిన యా శ్రావణమాసాపరాహ్ణమున తోటికోడలు ధనకుమారి తడికాళ్లతో అరుగెక్కి వచ్చి ఫోనును వీరవేణి కన్నులకడ పెట్టెను.

"చూడక్కా, ఎంత ముద్దొస్తోందో పిల్ల. మూడు టోపీలు ఒకటే ప్యాకెట్టంట. మిషన్ టోపీలేలే, మన లేసులాగే గుద్దారు."

వీరవేణి సూది యాపి చూచెను. తెఱపై నొక శిశువు. వెన్నముద్దవలె తెల్లనైన వదనము. రోజాపూల రంగు పూసినట్లు బుగ్గలు. దీపము పెట్టినట్లు కన్నులు. మచ్చయు మరకయు లేని నిష్కళంకచంద్రబింబము.

"ఎవరి పిల్లో గానీ పాలమీగడే," అనెను వీరవేణి. "మన పిల్లలు ఇంత తెల్లగా ఎక్కడుంటార్లే."

అని మఱల సూది నెత్తబోగా, చేతివృత్తి యలవాటుచే చూపు శిశువు ముఖమునుండి టోపీ యంచునకు జాఱెను. పువ్వులు వరుసగా నుండెను. ఐదురేకులు, ఐదురేకులు, ఐదురేకులు. ఆపై నొకటి నాలుగురేకులు.

దారపుటుండ యొడినుండి జాఱి మెట్లపైగా దొరలి వీధిబురదలో పడెను. ఆమె దానిని చూడలేదు. నవమాసములు మోసి కని ప్రతిదినము బుగ్గ నిమిరిన తల్లి తన బిడ్డను చూచి యెవరి పిల్లయో యని మెచ్చుకొనెను. చామనచాయ వదనమును తెల్లజేసి, కన్నుల కొలికిని దిద్ది, పెదవులకు రంగు పులిమి, బుగ్గమీది చుక్కను మరకను తుడిచినట్లు తుడిచివేసిన యా యంత్రము తల్లియు గుర్తింపలేని బిడ్డను చేసెను గాని, సూదిపని తెలియదు గావున ఆ తప్పుపువ్వును ముట్టలేదు. అల్లికలోని తప్పు తప్ప తన బిడ్డను పట్టియిచ్చు గుర్తు మఱియేదియు నా పటమున మిగులలేదు.

పల్లాలమ్మ లోపలినుండి వచ్చి ఫోనును చూచి మొదట పలికిన మాట యొక్కటియే. "చుక్కేదే?"

వృద్ధ యుప్పును మిరపకాయలును గుప్పిట బట్టి బిడ్డచుట్టు త్రిప్పి పొయ్యిలో వైచెను. రెండుమూడు దినములనుండి హన్విక పాలు సరిగా త్రాగక విసుగుచుండెను. పండ్లు వచ్చుచున్నవి, చిగుళ్లు చూడుమని ఆరోగ్యకేంద్రపు నర్సమ్మ ముందే చెప్పియుండెను. వీరవేణి యా మాట నమ్మియే యుండెను. ఇప్పుడు పొయ్యినుండి మిరప ఘాటు వచ్చినదా లేదా యని పల్లాలమ్మ ముక్కెగబీల్చి చూచుచుండగా వీరవేణికి ఘాటు తెలియలేదు, దిష్టియును తోచలేదు. అన్నిటికిని భయపడు నామె యీ యొక్కదానికి భయపడుట మఱచిపోయెను. భయమున్న చోటనెల్ల కోపము నిండెను. దిష్టి తగులునో తగులదో దేవు డెఱుగును. కాని తాను పెట్టినదానిని తుడుచుట కెవరు వారు?

ఆ పటము క్రింద నున్నది తాతాజీ యంగడి పేరే. ఆతనికి ఫోను చేసెను. మ్రోగి మ్రోగి యాగిపోయెను. పిమ్మట నా యంగడిపుటలోనే ఫిర్యాదు చేయుచోటు వెదకి కూడబలుకుకొని చదివెను. అచట నొక యంత్రము మర్యాదగా పలుకరించి, టోపీ చిరిగినదా, కొలత చాలలేదా, రంగు నచ్చలేదా యని యడిగెను. వీరవేణి ఏదియు నొక్కలేదు. బిడ్డ ముఖమును తిరిగి యిమ్మని యడుగుటకు మీట లేదు. కొంతసేపటికి యంత్రము తానే తృప్తిపడి, మీ యభిప్రాయము మాకు మిక్కిలి విలువైనదని వ్రాసి, సేవ నచ్చినచో నక్షత్రములు గుర్తింపుమనెను.

మఱునాటి యుదయమున ఆమె బిడ్డను చంకనిడుకొని, చుక్క నెప్పటికంటె పెద్దదిగా పెట్టి, పట్టణమునకు పోవు బస్సెక్కెను. వెంట వచ్చెదనన్న అత్తను వలదనెను.

తాతాజీ యంగడి యొక మేడమీది గది. లేసల్లు చేతు లచట లేవు. యంత్రమున గుద్దిన టోపీలు పారదర్శకపుసంచులలో గోడయెత్తు పేర్చబడియుండెను. నడుమ ముక్కాలిపై నొక గుండ్రనిదీపము, దాని నడుమ ఫోను. తాతాజీ కుర్చీలో నుండి లేచి ఆదరముగా కూర్చుండుమనెను. ఆమె కూర్చుండలేదు. ఫోనులోని పటమును చూపెను.

"అదా," అని యాతడు తేలికపడినట్లు నవ్వెను. "నేను చెరపలేదమ్మా. ఫోన్లోనే ఉంటుంది ఆ ఏర్పాటు. మచ్చ కనబడితే దానంతటదే తుడిచేస్తుంది."

"మచ్చంటారేంటండి. అది నేను పెట్టింది."

"దానికేం తెలుస్తుంది పాపం, మిషను."

"మీకు తెలుసుకదండీ. కనబడుతుందని చెప్పింది మీరే."

తాతాజీ నుదురు రుద్దుకొనెను. చెడ్డవాడు కాడు, తాను చేయుదాని నాపి చూచు తీరిక లేనివాడు.

"చూడు వీరవేణీ. నీ పిల్ల ఫొటో ఎన్ని ఊళ్లల్లో చూశారో నీకు తెలీదు. ఇంకొకళ్లయితే స్వీట్లు పంచేవాళ్లు."

"అంతమంది చూస్తారనే కదండీ చుక్క పెట్టింది."

"నువ్వు ఒప్పుకుంటేనే తీశాం. నొక్కింది నువ్వేనా కాదా?"

"నేనల్లిన టోపీకి నొక్కానండి. ఆ సంచుల్లో వాటికి కాదు."

"ఫొటో ఒకసారి ఇచ్చాక దేనికైనా వాడుకోవచ్చని అందులో రాసి ఉందమ్మా. నువ్వు పెద్దగా చదువుకోలేదు, ఇదంతా నీకు అర్థం కాదులే."

వీరవేణి చంకనున్న బిడ్డ నొక చంకనుండి మఱియొక చంకకు మార్చుకొనెను.

"అర్థం కాదని తెలిసే కదండీ నా చేత నొక్కించారు."

అంతలో లోపలిగది తెఱ తొలగించుకొని ఆతని భార్య మృదుల వచ్చెను. మాటలు పెరుగుట విని వచ్చినది. ఆమె భుజముపై నిద్రదేఱిన కన్నులతో నొక మగశిశువు, హన్విక యీడువాడే. వాని బుగ్గపై కాటుకచుక్క. నొసట నొకటి. వ్రేలాడుచున్న పాదముల రెండింటియందును ఒక్కొక్కటి. చూడవచ్చినవారి కన్నులన్నిటికిని చాలకపోవునేమో యని లెక్కకు మించి పెట్టినట్లుండెను.

వీరవేణి చాలసేపు ఆ చుక్కలనే చూచెను. పిమ్మట తన ఫోను నెత్తెను. పగిలిన యంచుగల దానిని రెండుచేతులతో నిలువుగా పట్టి యా శిశువు ముఖమునకు నేరుగా తిప్పెను. గొంతు పెంచకయే పలికెను.

"బాబు ఫొటో ఒకటి తీసుకుంటానండి. మీరు తీసినట్టే. ఫోనే శుభ్రం చేస్తుంది, నేను వేలు పెట్టను. మా ఊరి ఆడవాళ్ల గ్రూపుల్లో పెడతాను, అక్కణ్ణించి ఎటు పోతే అటు పోతుంది."

తాతాజీ యాలోచింపలేదు. ఆలోచించు నంతలో ఆతని చేయి ముందే కదలెను. అడ్డముగా వచ్చి బిడ్డముఖమును అరచేతితో కప్పివైచి, కప్పిన పిమ్మట తాను చేసినదేమో తెలిసినవాడై, చేయి తీయలేక తీయకుండలేక యట్లే నిలువబడెను. ఆ యరచేతిక్రింద శిశువు కిలకిల నవ్వెను. దాగుడుమూతలని తలచెను గాబోలు.

వీరవేణి ఫోను దించెను. తీయలేదు. తీయవలెనని యామెకు మొదటనే లేదు. ఆ పసివాడును ఒక తల్లిబిడ్డయే.

మృదుల భర్తవైపు చూడకయే, "తీసెయ్యండి," అనెను. మఱల వీరవేణి మొగము చూచి, "కూర్చో అక్కా. నిలబడిపోయావు," అని కుర్చీ తుడిచెను.

తాతాజీ తీసివైచెను. ఆమె కన్నులయెదుటనే తీసివైచి తెఱను చూపెను. హన్విక యుండినచోట నొక బూడిదరంగు చదరము మిగిలెను.

"ఇక్కడ తీసేశాను. అదొక్కటే నా చేతిలో ఉంది," అనెను తక్కువస్వరమున. "మధ్యలో ఎవరెవరు పట్టుకుపోయారో, ఎక్కడెక్కడ పెట్టుకున్నారో, అది నాకూ తెలీదు. నిజం చెబుతున్నా."

"టోపీలింక మీకు ఇవ్వనండి," అనెను వీరవేణి.

"నీకే నష్టం."

"నా అల్లిక నా వేళ్లలో ఉందండి. అది మీ ఫోన్లో లేదు."

మృదుల మెట్లవఱకు వచ్చి సాగనంపెను. దిగుచు వీరవేణి వెనుకకు తిరిగి చూడగా ఆమె కొంగుతో బిడ్డతలను కప్పుకొనుచుండెను.

ఇంటికి వచ్చుబస్సులో హన్విక తల్లిగుండెపై నిద్రించెను. కాలువగట్లవెంబడి తడిసిన పైరుపచ్చ వెనుకకు పరుగులిడుచుండెను. వీరవేణి గెలిచితినని యనుకొనుటకు ప్రయత్నించుచు ఫోను తెఱచెను. ధనకుమారి యేదో పంపియుండెను. అది మఱియొక యంగడి. అక్షరము లే భాషవో తెలియదు. అదే తెల్లని ముఖము, అదే చుక్కలేని బుగ్గ, అదే నాలుగురేకుల పువ్వు, ప్రక్కన సబ్బుపెట్టె. ఆ యంగడికి మేడమెట్లు లేవు. తలుపు కొట్టుటకు తలుపే లేదు. అరచేయి యడ్డము పెట్టుటకు తాతాజీవంటి తండ్రియైన నచట కలడో లేడో తెలియదు. ఆమె యేడ్వలేదు. ఇల్లు చేరువఱకు బిడ్డబుగ్గమీది నిజమైన చుక్కను చూచుచుండెను. అది చెమటకు కొంచెము కరగి ప్రక్కకు జాఱియుండెను, అయినను నుండెను.

సాయంసంధ్యారుణకాంతి కాలువనీటిపై కుంకుమ కలిపినట్లు పరచుకొనిన వేళ ఆమె యరుగుపై కూర్చుండి బిడ్డను ప్రక్కన పరుండబెట్టి కాటుకభరిణె తెఱచెను. ఫోనులో నా తెలియని యంగడిని తెఱచి ఒడిలో వెల్లకిలగా పెట్టుకొనెను. ఉంగరపువ్రేలితో కాటుక తీసి, ఫోనుమీది యద్దముపైన ఆ శిశువు ఎడమబుగ్గ యున్నచోట గుండ్రముగా నొక చుక్క పెట్టెను.

దీపము వెలిగించుటకు వచ్చిన పల్లాలమ్మ వంగి చూచెను. "ఏం చేస్తున్నావే?"

"చుక్క పెడుతున్నానత్తా."

"అద్దానికా?"

"లోపలయితే చెరిపేస్తున్నారుగా. పైన పెడితే దానికి చెయ్యందదు."

పల్లాలమ్మ నవ్వునో మందలించునో యనుకొనినది వీరవేణి. వృద్ధ ప్రక్కన చతికిలబడి, తన కొంగుకొనతో చుక్కయంచున అలికిన మసిని మాత్రము సుతారముగా సరిచేసెను.

వీరవేణి వ్రేలితో తెఱను పైకి త్రోసెను. హన్విక జరిగిపోయెను. చుక్క మాత్రము చోటు కదలలేదు. క్రిందినుండి మఱియొక శిశువు పైకి వచ్చి యా చుక్కక్రింద నిలిచెను. ఏ యూరి బిడ్డయో, ఏ తల్లి యే మీట నొక్కినదో, తెల్లజేయబడి మచ్చలేని నవ్వు నవ్వుచుండెను. దాని వెనుక మఱియొకటి, మఱియొకటి. చుక్క కొందఱికి బుగ్గపైనను కొందఱికి నొసటను కొందఱికి గడ్డముక్రిందను సరిగా కుదిరియు కుదరకయు పడుచుండెను. వీరవేణి యొక్కొక్కరిని కొంచెముసేపు దానిక్రింద నుంచి మఱల త్రోయుచుండెను. ప్రొద్దు గ్రుంకిన పిమ్మటగూడ ఆ యద్దమును ఆమె తుడువలేదు.